తెల్లదారం కోడి

పక్కింటాయన పోయి పన్నెండు రోజులైంది. నాకింకా కోపం తగ్గలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నిజమే కావచ్చు. కానీ ఆయన బతికున్నన్నాళ్లూ నేనడిగిన దానికి ఒక్కసారైనా తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. నిన్న సాయంత్రం వాళ్లావిడ పిలిస్తే మొదటిసారి వాళ్ల డాబా ఎక్కాను. అక్కడ చూసిన దాంతో చల్లారుతున్న కోపం కాస్తా మళ్లీ మొదటికొచ్చింది. అదేమిటో చెప్పాలంటే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

నేరేడ్‌మెట్‌లో మేం అద్దెకుంటున్న ఇంటికీ వాళ్ల సొంతింటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఉంది. ఆయన సికింద్రాబాద్ స్టేషన్‌లో టీసీగా చేసి రిటైరయ్యారు. నల్లకోటు పోయినా జేబులో రెండు పెన్నులు పోలేదు. డాబా మీద జాలీ కట్టుకుని కోళ్లను పెంచేవారు. నేను ఆయన్ని మొదటిసారి చూసినప్పుడు గోడ అవతల నిలబడి ఎడమ అరచేతిలో ఒక కోడిపిల్లను పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, దాని మొహం చూస్తున్నారు. తర్వాత కాళ్లు చూశారు. మళ్లీ మొహం చూశారు. రిజర్వేషన్ బోగీలో మనిషినీ ఆధార్ కార్డునూ మార్చి మార్చి చూస్తారే, అచ్చం అలాగే.

"టికెట్ జూపియ్" అన్నారు ఆ పిల్లతో. నవ్వుతాలుకు కాదు, నిజంగానే అడిగినట్టుంది.

నా కోళ్ల సంగతి చెప్పాలి. ఇరవై రెండేళ్లు పనిచేసిన ఆఫీసు మూతపడి నేను ఇంట్లో కూర్చున్న రోజులవి. పొద్దున్నే తయారై ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోవడం నాకు చేతకాలేదు. సైకిల్ మీద గంపలో నాటుకోడి పిల్లలను తెచ్చినవాడు "అన్నీ పెట్టలే అమ్మా, ఒక్క పుంజు లేదు" అంటే ఐదు కొన్నాను. ఇకమీదట మనింట్లో కొట్టు గుడ్డు ఉండదని భోజనాల దగ్గర ప్రకటించాను. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, "గుడ్డు వచ్చాక పిలువు, చూస్తాను" అన్నాడు. ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. అప్పట్నుంచి అది కోళ్ల వ్యవహారం కాదు, నా పరువు వ్యవహారం.

దానికి తోడు పైన ఉండే ఇంటి ఓనరమ్మ షరతు ఒకటి. వాళ్లబ్బాయి రాత్రి డ్యూటీ చేసి తెల్లవారాక నిద్రపోతాడు. "పెట్టలైతె ఉంచుకో. పుంజు కూత ఒక్కటి ఇనబడ్డదనుకో, అన్నింటినీ తీసెయ్యాలె. మొహమాటం లేదు" అని తేల్చి చెప్పింది. అంటే గొంతు విప్పకముందే పుంజులెవరో కనిపెట్టి పంపేయాలి. గంపవాడి మాట మీద నాకు రెండోరోజుకే నమ్మకం పోయింది. మరి ఎవరినడగాలి? గోడ అవతల మనిషి ఉండనే ఉన్నారు.

"అంకుల్, వీటిలో పుంజులెన్ని?" అని అడిగాను.

ఆయన ఐదింటినీ ఒక్కొక్కటే అందుకుని చూసి తిరిగిచ్చారు. "చార్ట్ ఇంకా పడలే బిడ్డా" అన్నారు.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నానో! బండి బయలుదేరే ముందు చార్ట్ పడితేగానీ ఎవరి సీటు ఎవరిదో చెప్పకూడదట. కోడైనా అంతేనట. వారానికోసారి అడిగేదాన్ని, వారానికోసారి అదే జవాబు. ఒకరోజు ఫోన్‌లో వీడియో చూసి, నా ఉంగరానికి దారం కట్టి వరండాలో కోడిపిల్లల మీద ఊపుతూ కూర్చున్నాను. గుండ్రంగా తిరిగితే పెట్ట, నిలువుగా ఊగితే పుంజు అని ఆ వీడియోలో చెప్పారు. ఆయన గోడ మీద మోచేతులాన్చి అరగంట చూశారు. ఉంగరం ఒకే పిల్ల మీద రెండు రకాలుగా తిరిగింది. అప్పుడు నోరు విప్పారు.

"ఫ్యాన్ బంద్ జేసి ఊపరాదు."

పైన ఫ్యాను తిరుగుతోంది! అరగంట నుంచీ చూస్తున్నారు కదా, మొదటే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు అడగలే కద" అన్నారు. ఇది ఆయన రెండో మాట. ఈ రెండు మాటలతోనే ఆయన నన్ను ఆర్నెల్ల పాటు ఏడిపించారు.

రెండు నెలలు దాటాక ఒక పొద్దున మూడు రంగుల దారాలతో గోడ దగ్గరికి వచ్చారు. ఎర్రది పుంజుకి, ఆకుపచ్చది పెట్టకి. తెల్లదారం ఆర్‌ఏసీకి. అంటే బండి ఎక్కొచ్చు గానీ బెర్తు ఖాయం కాని వాళ్లకన్నమాట. పిల్లల కాళ్లకు తన చేత్తోనే కట్టారు. రెండింటికి ఎర్రదారం, రెండింటికి ఆకుపచ్చ. ఐదోదాన్ని చాలాసేపు తిప్పి చూసి తెల్లదారం కట్టారు. కాలు మీద దారం బిగుతుగా ఉందేమోనని ప్రతి పదిరోజులకూ విప్పి వదులు చేసేవారు. ఆ పని మాత్రం అడక్కుండానే చేసేవారు.

ఎర్రదారం వాటిని కూత రాకముందే మా పనిమనిషి వాళ్ల ఊరికి పంపించేశాను. ఇక తేలాల్సింది ఆ తెల్లదారంది. నాకైతే అనుమానమే లేదు. మిగతా రెండింటికంటే పొడుగు, కాళ్లు లావు, గింజలు వేస్తే ముందు తనే. ఛాతీ విరుచుకుని నడిచేది. నెత్తిన జుట్టు కూడా కాస్త పెద్దదే.

"ఇది పుంజే అంకుల్. నడక చూడండి."

"నడక జూసి జెప్తె నేను సగం మందిని రైల్లకెల్లి దింపేద్దును. నడుము మీది ఈకలు జూడు. కొస గుండ్రంగ ఉంటె పెట్ట. సూదిలెక్క ఉంటె పుంజు."

"దీనికెలా ఉన్నాయి?"

"పాతయి రాల్తున్నయ్, కొత్తయి ఇంకా రాలే. జెర ఆగు."

అసలు మీకింత అనుమానం ఎందుకు, ఒక మాట అనేస్తే ఏం పోతుంది అని ఒకసారి గట్టిగానే అడిగాను. ఆయన నూకలు చల్లుతున్నారు. చల్లుతూనే, "ఒక్కసారి జెప్పిన బిడ్డా. పక్కా అని జెప్పిన. దించేసిన. తప్పయింది" అన్నారు. ఎవరిని దించారు, ఏ స్టేషన్‌లో అని అడిగితే, "పాత ముచ్చట తియ్" అని గిన్నె దులుపుకుని లోపలికి పోయారు. అంతకు మించి నాకు తెలీదు. ఆంటీకి కూడా తెలీదట.

ఐదో నెల దాటుతుండగా గుడ్లకు ఏర్పాట్లు మొదలుపెట్టాను. ప్లాస్టిక్ క్రేటు ఒకటి వరండాలో ఎండ పడేచోట పెట్టి, పాత టవలు పరిచి, కోళ్లను అందులో కూర్చోబెట్టడానికి మూడురోజులు తిప్పలు పడ్డాను. నాలుగోరోజు గోడ మీంచి, "నువ్వు నడి బజార్ల కూసొని కంటవా?" అని అడిగారు. కోడికి చీకటి మూల కావాలట. మరి మూడురోజులూ ఎందుకు ఊరుకున్నట్టు? అడగలేదు కద! క్రేటును బట్టలుతికే రాయి వెనక మూలకు జరిపాను. మోండా మార్కెట్‌లో పండ్ల బుట్టల్లో వచ్చే వరిగడ్డి అడిగి తెచ్చి పరిచాను. ఆయన ఒక నున్నటి రాయికి తమలపాకులకు రాసే సున్నం పట్టించి, ఆరబెట్టి తెచ్చి, గోడ మీంచి అందించి గడ్డిలో పెట్టమన్నారు. గుడ్లు ఎక్కడ పెట్టాలో దాన్ని చూసి కోళ్లకు తెలుస్తుందట. మా ఆయన ఆ రాయిని చూసి, "అబ్బో, మొత్తానికి పెట్టింది" అన్నాడు. నవ్వొచ్చినా నవ్వలేదు.

సరిగ్గా ఆ వారంలోనే కూత వినబడింది.

తెల్లారుతూ ఉంది. గొంతు సరిగ్గా పెగలని, సగంలో విరిగిన కూత. నేను పరిగెత్తి వెళ్లేసరికి మూడు కోళ్లూ ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. ఓనరమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. "రేపటికల్ల తీసెయ్యాలె. మూడింటినీ" అంది. బతిమాలాను. చివరికి, "సరే, గా కూసినదాన్ని తీసెయ్. ఇంకోసారి ఇనబడితె మాత్రం అన్నీ పోవాలె" అని మెత్తబడింది.

తెల్లదారందాన్ని పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. "అంకుల్, ఇవాళ మాత్రం చార్ట్ గీర్ట్ అనకండి. కూసింది. విన్నాను. ఇది పుంజేనా?"

"ఇది కూసంగ నువ్వు జూసినవా?"

"విన్నానని చెప్తున్నాను కదా!"

"ఇనుడు వేరే, జూసుడు వేరే."

కోడిని తీసుకుని చంకలో ఇరికించుకున్నారు. తోక కింద ఎక్కడో వేళ్లు పెట్టి చూశారు. ఒక వేలు, తర్వాత దాని పక్కన రెండోది. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. పెదవి కదిలింది కూడా. చివరికి, "నాలుగు దినాలు ఆగు బిడ్డా. పరేషాన్ గాకు. నాలుగు దినాలల్ల పక్కా తెలుస్తది" అన్నారు.

"నాకు నాలుగు గంటల టైము కూడా లేదండీ!"

నాలుగు రోజులు మీ డాబా మీద ఉంచుకోండి అని అడగొచ్చు. అడిగితే ఉంచుకునేవారే. కానీ అడగాలనిపించలేదు. ఎప్పుడూ నేనే అడగాలా? ఒక్కసారైనా ఆయనంతట ఆయన అనొచ్చు కదా! కోడిని కూరగాయల సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి, ఆటోలో మోండా మార్కెట్‌కి తీసుకెళ్లాను. కోళ్ల దుకాణం అతను సంచిలోంచి తీసి పంజరంలో పడేశాడు. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. చూస్తే మళ్లీ తెచ్చేసుకుంటానని భయం.

మూడోరోజు పొద్దున అదే కూత. అదే విరిగిన గొంతు. ఈసారి చెప్పులు కూడా వేసుకోకుండా శబ్దం వచ్చిన వైపు పోయాను. మా వెనక సందులో చికెన్ కొట్టు ఒకటి కొత్తగా తెరిచారు. దాని ముందు జాలీలో ఒక పడుచు పుంజు మెడ చాచి కూస్తోంది.

నా వెనకే దిగొచ్చిన ఓనరమ్మ కూడా చూసింది. అటునుంచి అటే మోండా మార్కెట్‌కి పోయాను. పంజరంలో తెల్లదారం కోడి లేదు. "ఏ కోడమ్మా? పొద్దుగాల వస్తయ్, పొద్దుమూకె వరకు పోతయ్" అన్నాడు దుకాణం అతను. ఇంటికొచ్చి గోడ దగ్గర ఆయనకు జరిగిందంతా చెప్పాను. ఏడ్చాను కూడా.

"అట్లనా" అన్నారు. అంతే! జేబులో పెన్నులు సర్దుకున్నారు.

ఆ తర్వాత వారానికి మిగతా రెండు పెట్టలు గుడ్డుకొస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుందని అడిగాను. అడిగాను కాబట్టి చెప్పారు. ఒక పెట్టను చంకలో ఇరికించుకుని నా వేలు పట్టుకుని తోక కింద రెండు ఎముకల మధ్య పెట్టించారు. "ఒక్క ఏలు పడ్తె ఇంకా టైముంది. రెండు ఏళ్లు పడ్తె గుడ్డుకు దగ్గరికొచ్చినట్టు. పుంజుకైతె ఒక్కటి గూడ పట్టదు."

వేలు వెనక్కి లాక్కున్నాను. "ఆ రోజు మీకు రెండు వేళ్లు పట్టాయి. నేను చూశాను."

"పట్టినయ్."

"మరి పెట్టేనని ఎందుకు చెప్పలేదు?"

"గుడ్డు జూడలే కద బిడ్డా" అన్నారు. ఎంత శాంతంగా అన్నారో!

అప్పుడు నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. మీ అనుమానానికి ఒక ప్రాణం పోయింది అన్నాను. టీసీ ఉద్యోగం చేసి చేసి మనిషన్నవాడు మిగల్లేదు మీలో అన్నాను. ఆయన పెట్టను మెల్లగా గోడ మీద నుంచి నాకందించి లోపలికి వెళ్లిపోయారు.

నాలుగైదు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూస్తే ఆయన. గోడ దగ్గర తప్ప మా గుమ్మంలోకి ఆయన అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. చేతిలో చిన్న గుడ్డు. పెంకు మీద సన్నటి నెత్తుటి చార. మొదటిసారి గుడ్డు పెట్టిన కోడిదని తెలుస్తూనే ఉంది. నా కోళ్లింకా పెట్టలేదు. ఆయన డాబా మీద కోడి గుడ్డు పెట్టిందని నాకు చూపించడానికి వచ్చారనుకున్నాను.

"బిడ్డా, ఇగో, ఇది..." అన్నారు.

"నా దగ్గర గుడ్డు మాటెత్తకండి అంకుల్. దయచేసి వెళ్లండి" అని తలుపు వేసేశాను. కిటికీలోంచి చూశాను. గుడ్డును జేబురుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెన్నుల పక్కన పెట్టుకుని, గేటు గడియ జాగ్రత్తగా వేసి వెళ్లారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు మా మధ్య, "నీళ్లొస్తున్నాయా", "కరెంటుందా" తప్ప మాటల్లేవు. నా రెండు పెట్టలూ గుడ్లు పెట్టాయి. మా ఆయన మొదటి గుడ్డును ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు. నేను మాత్రం ఆమ్లెట్ వేసిన ప్రతిసారీ కూరగాయల సంచిలోంచి బయటికి చూస్తున్న ఆ తలే గుర్తొచ్చి సరిగ్గా తినలేకపోయేదాన్ని. ఆయన గోడ అవతల నిలబడి ఏదో చెప్పబోతున్నట్టుండేవారు. నేను బట్టలు ఆరేసుకుని లోపలికి పోయేదాన్ని. అడిగితే కదా చెప్పడానికి! నేనడగలేదు.

పోయిన నెల ఆయనకు ఒంట్లో బాగాలేదని తెలిసింది. ఇవాళ వెళ్దాం రేపు వెళ్దాం అనుకుంటూండగానే అయిపోయింది.

నిన్న ఆంటీ గోడ దగ్గరికొచ్చి పిలిచింది. "కోళ్లను నేనేం జేసుకుంటా బిడ్డా, మెట్లెక్కుడు నాతోని గాదు. నువ్వు దీస్కపో" అంది. నేను డాబా ఎక్కాను. ఆమె కూడా రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వెనకే వచ్చింది. జాలీలో నాలుగు పెట్టలున్నాయి. మూడు నన్ను చూసి మూలకు పోయాయి. నాలుగోది పోలేదు. మిగతావాటికంటే పొడుగు. లావుపాటి కాళ్లు. ఛాతీ విరుచుకుని ఎదురొచ్చింది. ఎడమకాలికి మాసిపోయిన తెల్లదారం, దాని మీద ఆకుపచ్చ దారం.

"ఆంటీ, ఇదెక్కడిది?"

"ఎక్కడిదేంది, నీదే కద. ఆనాడు నువ్వు సంచి వట్టుకొని ఆటో ఎక్కంగనే ఎనుక ఇంకో ఆటో మాట్లాడుకొని ఉరికిండు. అన్నం గూడ తినలే. ఏందీ లొల్లి అంటె, చార్ట్ పడకముందె దించేస్తున్నది అన్నడు."

"నాకు చెప్పలేదేం ఆంటీ? నేను గోడ దగ్గర ఏడ్చినప్పుడు కూడా చెప్పలేదే!"

"గుడ్డు పెట్టినంక జెప్త అన్నడు. ముందే జెప్పి, ఇది పుంజే అయితె పిల్ల మల్ల ఏడ్వదా అన్నడు. రోజూ కిందికి మీదికి తిరుగుడే. పొద్దున లేస్తె ఇదే పని, పెట్టిందా, పెట్టలేదా."

కోపం తన్నుకొచ్చింది. ఇన్ని నెలలు! ఇన్ని నెలలు నేను దాన్ని కత్తికి అప్పగించానని కుమిలిపోతుంటే, ఆ కోడి నా నెత్తి మీద, ఇరవై అడుగుల దూరంలో గింజలు తింటోంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెప్తే ఈయన సొమ్మేం పోయేది? ఎదురుగా ఉంటే ఆ పెన్నులు రెండూ లాక్కుని విరిచేసేదాన్ని. చేయి చాచి కోడి వీపు మీద పెట్టాను. అది పారిపోలేదు. గుడ్లు పెట్టే పెట్టలు కూర్చున్నట్టు రెక్కలు కొద్దిగా విప్పి, నా చేతి కింద అణిగి కూర్చుంది.

"గుడ్డు పెట్టాకైనా చెప్పలేదు కదా ఆంటీ" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

ఆమె నా వంక వింతగా చూసింది.

"జెప్పనీకె వచ్చిండు గద బిడ్డా. నేనే అంగీ ఇస్త్రీ జేసిచ్చిన."